మాటలన్నీ పక్కింటికే

అక్కయమ్మ పుట్టుకతో మితభాషి కాదు, అలా తయారైంది. దొడ్డబళ్ళాపురంలో పెళ్ళైనప్పటి నుంచీ మరమగ్గాల షెడ్డులో పనిచేసిన మనిషి. ఆ రొదలో గొంతు చించుకున్నా పక్కనున్నవాళ్ళకు వినపడదు. పోగు తెగినా, దాహమైనా, మేస్త్రీ వస్తున్నా అన్నీ చేతిసైగలే. 2004లో కొడుకు దేవరాజ్, కోడలు ఇద్దరూ ఆఫీసులకు పోతుంటే, మనవడు చైతును చూసుకోవడానికి బెళ్ళందూరు అపార్ట్‌మెంటుకు వచ్చింది. అలవాటుకొద్దీ వాడితోనూ సైగలే; వాడికి అవన్నీ ఇట్టే పట్టుబడ్డాయి. వేళ్ళు కదిపితే చాలు, పాలో బంతో ఆమెకు తెలిసిపోయేది. అవ్వా మనవడూ రోజంతా నోరు విప్పకుండా హాయిగా గడిపేవాళ్ళు.

రెండేళ్ళు నిండినా బిడ్డ పలకలేదు. చెవులు బాగానే ఉన్నాయి, వాడితో ఎవరైనా గలగలా మాట్లాడుతుండాలి అన్నాడు డాక్టరు. కోడలు పక్క ఫ్లాటు అలివేలును బతిమాలింది. అలివేలుది రాజమండ్రి. నోరు మూస్తే ఆమెకు ఊపిరాడదు. పొద్దున పూట చైతు అక్కడే.

నెల తిరక్కముందే వాడు "కాకి" అన్నాడు. తర్వాత "బువ్వ", "లిఫ్తు", "ఆంతీ". ఇంట్లో ఒకటే సంబరం. అక్కయమ్మకు కడుపు మండిపోయింది. ఎత్తి పెంచింది తాను, పలుకులన్నీ దానికా? అది అసూయే, మరో పేరు పెట్టి లాభం లేదు. అలివేలు పంపిన పులిహోరలో ఉప్పెక్కువైందని పక్కన పెట్టేసింది. ఉప్పు సరిగ్గానే ఉంది.

"అవ్వా అను చైతూ. ఒక్కసారి అనప్పా" అని బతిమాలేది. వాడు నవ్వి వేళ్ళు ఆడించేవాడు.

"మీకు నోటితో చెప్పే పనిలేదని వానికి తెలుసు లే అత్తా" అంది కోడలు.

"అట్లని నేనేమన్నా మూగదాన్నా?" అక్కయమ్మ విసురుగా లేచిపోయింది.

ఇంతలో అలివేలు పుట్టింటికి వెళ్ళింది. పీడ విరగడైందనుకుంది అక్కయమ్మ. చైతు మాత్రం తాళం వేసిన తలుపును కొట్టికొట్టి తిరిగొచ్చాడు. అవ్వ ముందు నిలబడి చేతులు పైకెత్తాడు. వాళ్ళ సైగల్లో అలివేలుకు సైగ లేదు. అక్కయమ్మ నేర్పితేగా! కాసేపు తడబడి, ఆమె కొంగు పట్టుకుని గుంజాడు.

"ఆంతీ ఏదీ?"

తనతో వాడన్న మొదటి మాట. సంతోషమో ఉక్రోషమో, అక్కయమ్మకు ఏడుపొచ్చింది.

"ఊరికి పోయుండాదప్పా."

వాడు ఆమె నోటి వంకే చూస్తున్నాడు. ఆపితే మళ్ళీ ఆ తలుపు దగ్గరికే పోతాడు.

"రైల్లో పోయింది. పెద్ద రైలు. కిటికీ పక్కన కూసోనుండాది. శానా మంచిదప్పా మీ ఆంటీ..."

సాయంత్రం కోడలు వచ్చేసరికి అక్కయమ్మ గొంతు బొంగురుపోయింది. అలివేలును ఇంకా పొగుడుతూనే ఉంది.