ఆటలో ముసలాయనకు చెప్పిన అబద్ధం

నా మేనకోడలు డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉండగా, ఆటలకు కథలు రాయడం నేర్చుకుంటానని ఇంట్లో చెప్పింది. ఆటలంటే ఫోనులో, కంప్యూటర్లో ఆడేవి. విజయవాడలో అలాంటి కోర్సు ఒకటి ఉందట. మా అన్నయ్య గంపలగూడెం దగ్గర వరి, పత్తి పండించే మనిషి. కూతురు బీఈడీ చేస్తుందని అప్పటికే ఊరందరికీ చెప్పుకున్నాడు. రెండు రోజులు తండ్రీకూతుళ్లు సరిగా మాట్లాడుకోలేదు. మూడో రోజు ఆయన తిరువూరు వచ్చి, నా కుట్టు షాపులో స్టూలు మీద కూర్చుని, తీర్పు నా నెత్తిన పెట్టాడు.

"మనింట్లో పుస్తకాలు చదివేది నువ్వే. దాంట్లో కథనేది ఉందో లేదో చూసి చెప్పు. ఉందంటే పంపిస్తా. లేదంటే బీఈడీ."

అప్లికేషనుకు సోమవారం ఆఖరు. ఆదివారం వస్తానని వెళ్లిపోయాడు.

నాకు కలిగిన గర్వం దాచుకోను. ఏడో తరగతితో బడి మానేసినదాన్ని. ఆ తర్వాత చదివిందంతా మా ఊరి గ్రంథాలయంలోనే. మధ్యాహ్నం షాపు తలుపు వేసి ఉంటే నేనెక్కడుంటానో జాకెట్లు ఇచ్చినవాళ్లందరికీ తెలుసు. చదివిన ప్రతి పుస్తకానికీ నోటుబుక్కులో మూడు గళ్లు గీస్తాను: పుస్తకం పేరు, రచయిత, నా అభిప్రాయం. అలాంటి నోటుబుక్కులు పదకొండు నిండాయి. అన్నయ్య బస్సెక్కాడో లేదో, నేను పన్నెండోది తెరిచాను.

మొదట గ్రంథాలయానికే వెళ్లాను. ఆటల మీద పుస్తకం అడిగితే చదరంగం గురించి ఒకటి, కబడ్డీ నియమాలు ఒకటి ఇచ్చారు. అవి కాదండి, కథలుండే ఆటలు అన్నాను. లైబ్రేరియన్ గారు కళ్లజోడు తీసి నన్ను చూసి, కథల బీరువా అటు ఉందని చెయ్యి చూపించారు, ఇన్నేళ్లలో నేనెప్పుడూ దాన్ని చూడనట్టు. కబడ్డీ పుస్తకం తెచ్చుకుని చివరిదాకా చదివాను. మొదలుపెట్టిన పుస్తకం వదలడం నాకు చేతకాదు.

ఇక మేనకోడలినే నా దగ్గరికి పిలిపించుకుని గురువును చేసుకున్నాను. నేను హుక్కులు కుడుతుంటే అది పక్కన కూర్చుని చెప్పింది. కొన్ని ఆటల్లో బొమ్మల కింద మాటలు వస్తాయట. చదువుకుంటూ పోతుంటే మధ్యలో ఏం చేస్తావని అడుగుతాయి, మన జవాబును బట్టి కథ మలుపు తిరుగుతుంది. కొన్నింట్లో ఖాళీ ఇంట్లో సొరుగులు వెతికి, అక్కడున్నవాళ్లకు ఏమైందో మనమే తెలుసుకోవాలి. కొన్నింట్లో ఊరికే నడవడమే, నడుస్తుంటే ఒక గొంతు కథ చెబుతుంది. ఇంకొన్నింట్లో ఎవరిదో వేషం వేసుకుని వాళ్ల బతుకంతా బతకాలి. అన్నీ రాసుకుని, ఈ ఆఖరి రకం మన వీధి నాటకమే కదా అన్నాను.

"అన్నీ మన దగ్గర్నుంచే వెళ్లాయి అత్తా. అది కూడా రాసుకో" అంది.

చదివేదే మేలని మొదటి రకం పట్టుకున్నాను. కొత్త పుస్తకం తీస్తే ముందు ఆఖరి పేజీ చూసుకోవడం నా అలవాటు. ఆఖరి పేజీ ఎక్కడుందని అడిగితే, అలాంటివి అయిదున్నాయి, మనం చేసేదాన్ని బట్టి ఒకటి వస్తుందంది. రచయితకు ఏం రాయాలో తేలక అయిదూ రాసి మన మీద వదిలేశాడన్నమాట అని నోటుబుక్కులో ఎక్కించాను. ఆట ఇంగ్లీషులో ఉంది. మేనకోడలు అర్థం చెబుతానన్నా వినకుండా నిఘంటువు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

కథ ఇదీ. కొండ మీద ఊళ్లో పోస్టాఫీసు మూసేస్తున్నారు. మనం అక్కడి పోస్టుమ్యాన్. సంచిలో బట్వాడా కాని ఉత్తరాలు మిగిలాయి. వాటిని ఇంటింటికీ ఇవ్వాలి. విప్పకూడదని ఎవరూ అనలేదు. పల్లీల పొట్లం కాగితం కూడా విప్పి చదివే మనిషిని, నేనెలా ఆగుతాను? అన్నీ విప్పి చదివేశాను. ఒకటి ఒక ముసలాయనకు తమ్ముడు రాసింది. పొలం తగువు మరిచిపోయి ఒక్కసారి వచ్చి కనపడమని ఉంది.

ముసలాయన గుమ్మంలోకి వచ్చి, నాకేమైనా ఉత్తరం వచ్చిందా, విప్పి చూశావా అని అడిగాడు. కింద రెండు జవాబులు. మొదటిది, విప్పాను. రెండోది, లేదు, ఏమీ రాలేదు. నా వేలు రెండోదాని మీద పడింది. ఆయన సరేనని తలుపు వేసుకున్నాడు. అంతే. తర్వాత ఎన్నిసార్లు ఆ వీధిలోకి వెళ్లినా ఆ తలుపు మూసే ఉంది. ఉత్తరం నా సంచిలోనే ఉంది.

ఒక పేజీ వెనక్కి తిప్పమన్నాను.

"ఇందులో వెనక్కి ఉండదత్తా. చెప్పింది చెప్పినట్టే."

ఫోను దాని చేతికిచ్చేసి మిషను దగ్గర కూర్చున్నాను. ఆ రోజు ఒక జాకెట్టుకు హుక్కులన్నీ తప్పు వైపు కుట్టి, కూర్చుని విప్పాను. మళ్లీ ఆ ఆట ముట్టలేదు.

ఆదివారం అన్నయ్య సంచీడు మామిడికాయలతో వచ్చాడు. ఆయన చెప్పులు విప్పుతుండగా మేనకోడలు నా చెవిలో, మొత్తం చూశానని చెప్పత్తా, సగం చూశావంటే నాన్న ఒప్పుకోడు అంది. నిజమే. చివరిదాకా చదవకుండా నేను దేనిమీదా మాట్లాడనని ఆయనకు తెలుసు. అడగనే అడిగాడు.

"చివరిదాకా చూశావా?"

నా కళ్ల ముందు రెండు జవాబులూ ఒకదాని కింద ఒకటి కనిపించాయి.

"లేదన్నయ్యా."

మేనకోడలు తల దించుకుంది.

"ఏం, బాలేదా?"

"అందులో ఒక ముసలాయనకి అబద్ధం చెప్పాను. మళ్లీ ఆయన ముందుకెళ్లడానికి మొహం చెల్లట్లేదు."

ఆయన నవ్వుతాడనుకున్నాను. ఏం అబద్ధమని అడిగాడు. పోస్టాఫీసు నుంచి మూసిన తలుపు దాకా అంతా చెప్పాను. చేతిలో మామిడికాయ అలాగే పట్టుకుని విన్నాడు.

"మరి తమ్ముడు పిలిచినట్టు ఆయనకి ఎట్లా తెలుస్తుంది?"

"ఉత్తరం ఇవ్వాలి. ఇవ్వాలంటే ఆట మళ్లీ మొదట్నుంచి ఆడి, విప్పానని ఒప్పుకోవాలి."

"ఒప్పుకో. చదువుకున్నదానివేగా." కూతురి వైపు తిరిగి, అదే గొంతుతో, "ఆ ఫారం ఎక్కడుందో తీసుకురా" అన్నాడు.

అది ఇస్త్రీ బల్ల మీదే ఫారం నింపింది. అంతసేపూ ఊరికే కూర్చోలేక, తననేమీ అడగని ఆట ఏదైనా ఉంటే చూపించమన్నాడు అన్నయ్య. నడిచే ఆట పెట్టిచ్చింది. ఒక చేను, అవతల ఒక ఇల్లు. ఆ ఇంటికి చేరితే గొంతు కథ మొదలుపెడుతుంది. ఆయన చేను అంచునే చుట్టూ నడుస్తున్నాడు.

"నాన్నా, మధ్యలోంచి వెళ్లొచ్చు, ఏం కాదు" అంది.

"పంట మీద ఉంది, కనపడట్లేదా?" అని, గట్టు వెంబడే పోతూ ఉన్నాడు. ఇల్లు ఇంకా దూరంగా ఉండగానే ఫోనులో ఛార్జింగు అయిపోయింది.