పై వరుసలో పేరు

ట్యూనిస్‌లోని ఆ సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఏ ప్రోగ్రాంను ఎవరు, ఎప్పుడు మార్చారో చూపించే వెబ్ పేజీ ఒకటుంది. దాన్ని తీర్చిదిద్దేది మొందర్. కొరికిన హరీసా కారం రొట్టెను కీబోర్డు పక్కన మరిచిపోయి, మోకాలు ఆడిస్తూ, నిన్నటి నీలాన్ని ఇవాళ పచ్చ చేస్తాడు. అక్షరాలు పెంచి మళ్ళీ తగ్గిస్తాడు. ఆ పేజీ కూడా జాబితాలో ఒక ప్రోగ్రామే కనుక, తాజా మార్పుగా ఎప్పుడూ అదే పైన ఉంటుంది, అతని పేరుతో.

"మళ్ళీ ముస్తాబేనా? ఇవాళ దాని పెళ్ళా ఏంటి?" అంది పక్క సీటు సీహెమ్. "అక్కడ ఆసుపత్రివాళ్ళు తమ ప్రోగ్రాం కోసం మొత్తుకుంటున్నారు నాయనా!"

"ఈ ఒక్కటీ కుదరనీ, సీహెమ్!"

అతని చెవులు ఎర్రబడ్డాయి. గబగబా జాబితాను తిరగేసి, పాతవి పైకి, కొత్తవి కిందికి వచ్చేలా చేశాడు. రంగుల గొడవ అట్టడుగుకు పోయింది. హమ్మయ్య అనుకుంటూ తలెత్తాడు. మొట్టమొదటి వరుసలో ఆసుపత్రి ప్రోగ్రాం ఉంది: చివరి మార్పు నిరుడు, మొందర్.

ఆడుతున్న మోకాలు ఆగిపోయింది.