కుడి చెయ్యి పైన

నా భుజం గురించి మా ఊళ్లో నాకంటే ఎక్కువ తెలిసినవాళ్లు చాలామంది ఉన్నారు. పాలు పోసే ఆయన నరం పట్టిందన్నాడు. మా స్కూల్లో లెక్కల సారు గ్యాస్ అన్నాడు. కిరాణా దుకాణం అక్క నన్ను దూరం నుంచే చూసి, "వాతం సారూ, వంకాయ బంద్ జెయ్" అని తేల్చేసింది. వంకాయ మానేశాను. భుజానికి ఆ సంగతి తెలిసినట్టు లేదు.

ఇబ్రహీంపట్నం దగ్గర ఒక ఊరు మాది. జిల్లా పరిషత్ స్కూల్లో తెలుగు చెప్తాను. పేరు విని, "మీరు తెలుగు సారా?" అని ఆశ్చర్యపోయేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మేం తాతముత్తాతల నుంచి ఈ ఊరి ముస్లింలం. ఇంట్లో మాట్లాడుకునేదీ, తిట్టుకునేదీ తెలుగులోనే. ఊళ్లో మా ఇంటికి ఒక పని ఉంది. మొహర్రం నెలలో వచ్చే పీరీల పండుగనాడు పెద్ద పీరిని మోసేది మా ఇంటివాళ్లే. మనిషిని మించిన ఎత్తున్న కర్ర, దాని కొసన లోహపు పంజా, కర్ర చుట్టూ జనం మొక్కుకుని కట్టిన రంగురంగుల గుడ్డలు. ఆ గుడ్డల్నే దట్టీలంటాం. బాపు మోశాడు, ఆయన పోయాక నేను మోస్తూ వచ్చాను. మా ఊళ్లో పట్టుకునే పద్ధతి ఒక్కటే: కుడి చెయ్యి పైన, ఎడమ చెయ్యి కింద. పైచెయ్యి తలకంటే ఎత్తులో ఉండాలి. డప్పులకు ఊగుతూ నిప్పుల గుండం చుట్టూ తిరిగేటప్పుడు బరువంతా ఆ చేతిమీదే పడుతుంది. చేతులు మార్చుకోకూడదా అంటే, కూడదు, అంతే. ఎందుకని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

పట్టుకున్న జబ్బు సరిగ్గా ఆ కుడి భుజాన్నే పట్టుకుంది.

ఒక చలికాలం పొద్దున అంగీ తొడుక్కుంటుంటే లోపల చురుక్కుమంది. దెబ్బ తగిలింది లేదు, బరువెత్తింది లేదు. అదే పోతుందిలే అనుకున్నాను. పోలేదు సరికదా, ఆ పక్కకు తిరిగి పడుకోలేని స్థితికి వచ్చింది. దవాఖానలో గోళీలిచ్చారు. వేసుకున్నన్నాళ్లు ఊరుకుని, ఆపగానే మళ్లీ మొదలయ్యేది. బోర్డు మీద పై వరస అందక నడిమి నుంచి రాయడం మొదలుపెట్టాను. తల దువ్వుకోవాలంటే చేతిని తల దగ్గరికి కాదు, తలనే వంచి చేతి దగ్గరికి తెచ్చేవాణ్ణి. విరిగిన చెయ్యి అయితే పట్టీ చూసి జనం జాలిపడతారు. దీనికి పైకి కనిపించే గుర్తేదీ లేదు. దుక్కలా ఉన్న మనిషి చెయ్యెత్తలేనంటే ఎవరు నమ్ముతారు?

అప్పుడు అమ్మ రంగంలోకి దిగింది. పండుగ అయ్యాక పీరి నుంచి విప్పిన దట్టీలను మా ఊళ్లో ఇళ్లకు పంచుతారు. పిల్లలకు జ్వరమొస్తే జబ్బకు కడతారు, బర్రె ఇబ్బంది పడితే కొమ్ముకు కడతారు. అమ్మ పెట్టెలోంచి ఆకుపచ్చ దట్టి తీసి, నా చేతిని మడిచి ఛాతీకి ఆనించి, మెడ చుట్టూ తిప్పి గట్టిగా ముడేసింది.

"పండుగ దాక ఇప్పకు బిడ్డా. మొక్కిన. నీ చేతుల మీద లేవాలంటే పీరియే జూసుకుంటది."

"మరి తానం?"

"తానం జేసి మల్ల కట్టుకో. ఊకె అడుగకు."

నిజం చెప్పాలంటే కొన్నాళ్లు హాయిగానే ఉంది. కదలని చెయ్యి నొప్పి పెట్టదు కదా. స్కూల్లో బండి మీంచి పడ్డారా అని అడిగితే అవ్ అనేవాణ్ణి. మొక్కు అని చెప్తే ఇంకో పది ప్రశ్నలు వస్తాయి. వారాలు గడిచాయి, నొప్పి బాగా తగ్గింది. అమ్మ ముఖం వెలిగిపోయింది. అట్లాంటి రోజుల్లోనే ఒకసారి స్నానానికి కట్టు విప్పి, కుడి చేత్తో చెంబు ఎత్తి తలమీద పోసుకోబోయాను. చెయ్యి ఛాతీ దాటలేదు. నొప్పి వల్ల ఆగింది కాదు. లోపలి నుంచి ఎవరో గడియ పెట్టినట్టు ఒక చోట ఆగిపోయింది. పండుగ ఇంకా కొన్ని నెలల్లో ఉంది. భయమేసింది. వెంటనే కోపమొచ్చింది. నాకు ఆ రెండూ కలిసే వస్తాయి.

లెక్కల సారు తన ఫోన్‌లో వీడియోలు చూపించాడు. తెల్లకోటు వేసుకున్నాయన మెడ పట్టి తిప్పితే టక్, నడుం నొక్కితే టక్. వంగిపోయి వచ్చినవాళ్లు నవ్వుకుంటూ లేచిపోతున్నారు.

"గ్యాస్ కాదు సారూ, బొక్క జరిగింది" అని నేరం ఎముక మీదికి నెట్టి, తన పాత తీర్పును తానే కొట్టేశాడు. "మీర్‌పేట్ల ఇసొంటి డాక్టరమ్మ ఉన్నదంట. ఒక్క టక్కుతోని అయిపోతది."

ఆ టక్ నా మనసులో నాటుకుపోయింది. సెలవు రోజు బస్సెక్కాను. మన్నెగూడ దాటుతున్నప్పుడు సాయంత్రం ఇంటికి వచ్చే దృశ్యమే కళ్లముందు ఆడుతోంది. చెయ్యి పైకెత్తుకుని వాకిట్లోకి వస్తాను, అమ్మ చూస్తుంది, తమ్ముడు చూస్తాడు.

ఆ డాక్టరమ్మను కైరోప్రాక్టర్ అంటారట. వెన్ను, కీళ్లు చేతులతోనే చూసి సరిచేస్తుంది. నాకంటే చాలా చిన్నది. నా మెడలో దట్టి చూసి ఫ్రాక్చరా అని అడిగింది. కాదు, మొక్కు అన్నాను. ఇంకేమీ అడగలేదు. చెయ్యి లేపమంది, లేపాను. ఛాతీ దగ్గర ఆగింది. తర్వాత తనే పట్టుకుని మెల్లగా లేపింది. సరిగ్గా అక్కడే ఆగింది. మోచెయ్యి నడుముకు ఆనించి ముంజేతిని బయటికి తిప్పమంది. అది అసలు కదల్లేదు.

"ఫ్రోజెన్ షోల్డర్ సార్. కీలు చుట్టు సంచి లాంటి పొర ఉంటది. అది వాచి, మందమై, బిగుసుకపోయింది. బొక్క ఎటూ జరుగలే."

"ఒక్క టక్ అంటే పోదా?"

"పోదు. జోరు జేస్తే ఇంక దెబ్బ తింటది. మెల్లగ సాగదీయాలె. నెలలు పడ్తది. ఒక్కోసారి ఏడాది కూడ దాటుతది."

ఏడాది! పండుగ ఉంది మొర్రో అంటే ఆమెకు ఏ పండుగో తెలియదు. పైగా ఎక్స్‌రే తీయించుకోవాలి, షుగర్ పరీక్ష చేయించుకోవాలి, ఎముకల డాక్టరుకూ ఒకసారి చూపించాలి అంది. భుజానికీ షుగర్‌కూ ఏం సంబంధమని గొంతు పెంచాను. షుగర్ ఉన్నవాళ్లకు ఈ బాధ ఎక్కువగా వస్తుందట. పరీక్ష చేయిస్తే నాకు షుగర్ ఉందని తేలింది. భుజం బాగు చేసుకుందామని పోతే చాయ్‌లో చక్కెర పోయింది. బయల్దేరేటప్పుడు ఇంకో మాట చెప్పింది: ముందు ఆ కట్టు తీసెయ్యాలి, కదలకుండా పెట్టినకొద్దీ ఇంకా బిగుస్తుంది.

ఇంట్లో ఆ మాట చెప్పాను.

"మొక్కును నడుమల ఇప్పుతవా?" అంది అమ్మ.

"డాక్టరమ్మ చెప్పింది."

"డాక్టరమ్మ మోస్తదా పీరిని?"

విప్పాను. అమ్మ ఆ దట్టిని మడిచి పెట్టెలో పెట్టింది. ఆ తర్వాత కొన్నాళ్లు నాకు అన్నం పెట్టింది గానీ మాట్లాడలేదు.

రెండోసారి పోయినప్పుడు డాక్టరమ్మ నన్ను బోర్లా పడుకోబెట్టి వీపు పైభాగాన అరచేతులతో నొక్కింది. టక్ మంది! చటుక్కున లేచి కూర్చుని చెయ్యెత్తాను. మళ్లీ అక్కడే ఆగింది.

"గది వెన్నుది సార్, భుజంది కాదు" అంది నవ్వాపుకుంటూ. "వెన్ను, రెక్క ఎముక సులువైతే భుజానికి జర ఆసరా అయితది, గంతే." నాకు నవ్వు రాలేదు.

తర్వాత మిగిలింది చాకిరీ. బల్లకు ఆనుకుని వంగి చేతిని వేలాడేసి ఊపడం, వీపు వెనక తువ్వాల పట్టుకుని లాగడం, వేళ్లతో గోడ ఎక్కడం. ఎంత ఎత్తుకు పోతున్నాయో తెలియడానికి గోడమీద పెన్సిల్ గీత పెట్టుకున్నాను. వారం గడిచినా వేళ్లు ఆ గీత దాటేవి కావు. ఒక్కోరోజు దానికంటే కిందే ఆగేవి. నేను గోడను తిట్టేవాణ్ణి. పక్క అర్రలో ఉండే తమ్ముడు, మోటర్లు రిపేరు చేస్తాడు, తొంగి చూసి, "అన్నా, గోడేం జేసిందే?" అనేవాడు. వాణ్ణి కూడా తిట్టేవాణ్ణి. వాడు రెండు చేతులూ తల వెనక పెట్టుకుని గుమ్మానికి ఆనుకునేవాడు. కావాలని కాదు, వాడికి అలవాటు. అయినా ఒళ్లు మండేది.

నెలవంక కనిపించింది. పీరీలకని కట్టిన కొట్టంలో వాటిని నిలబెట్టారు. అప్పటికి నా చెయ్యి ముఖం దాకా లేస్తోంది. పీరీల సేవ చూసుకునే పెద్దాయన, ముజావర్, నన్ను పిలిచి ఒక ఉత్త కర్ర చేతికిచ్చి ఎత్తమన్నాడు. ముఖం దాకా ఎత్తాను. అక్కడ ఆగింది. ఇంకొంచెం నెట్టాను. కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ చెయ్యి లేవలేదు.

"ఎడమ చెయ్యి పైన పెడ్త" అన్నాను. అంతమాట నా నోటివెంట వస్తుందని నేనే అనుకోలేదు.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "గట్ల నడువదు సారూ. ఈ యేడుకు తమ్ముడు మోస్తడు తీ."

ఈ యేడుకు అన్న ఒక్క మాటనే పట్టుకుని ఇంటికొచ్చాను.

తమ్ముడు మోశాడు. నేను జనంలో నిలబడి చూశాను. వాడు పడిపోవాలని కోరుకోలేదు. జర తడబడితే చాలు, అన్న ఉంటే వేరే ఉండేదని ఎవరో ఒకరు అనుకుంటారని ఆశపడ్డాను. వాడు తడబడలేదు. జనం బిందెలతో వాడి కాళ్లమీద నీళ్లు పోశారు, ఎండుకొబ్బరి కుడుకల దండలు వేశారు, దట్టీలు కట్టారు. నేనెక్కడున్నానని ఎవరూ అడగలేదు. కుళ్లుకున్నాను. సొంత తమ్ముడి మీద అంతగా ఎన్నడూ కుళ్లుకోలేదు.

"నడుమల ఇప్పకపోతే నీ చెయ్యి లేసేది" అంది అమ్మ పక్కనుంచి.

మీర్‌పేట్ పోవడం మానలేదు. గోడను తిట్టడమూ మానలేదు. చలికాలం పోయి ఎండలు ముదిరేసరికి వేళ్లు గోడమీద తలకంటే పైకి పాకాయి. చెంబు తలమీదికి లేచింది. బోర్డు పై వరసలో మళ్లీ తేదీ రాశాను. ఇక ఆ ఘనత ఎవరిదన్న పంచాయితీ మొదలైంది. మీరు విడవకుండా వ్యాయామం చేశారు సార్ అంది డాక్టరమ్మ. ఇది మెల్లగా దానంతటదే కూడా తగ్గే జబ్బు అన్నాడు ఎముకల డాక్టరు, అంటే నేను ఏడాది పొడుగునా పడ్డ చాకిరీ ఏమైనట్టో చెప్పకుండానే. ఆలస్యంగానైనా పీరి విన్నదని అమ్మ రొట్టెలో బెల్లం కలిపి మలీద చేసి పంచింది. నేను ఎవరితోనూ వాదించలేదు. నాకు కావలసింది చెయ్యి, అది లేచింది.

మళ్లీ పండుగ దగ్గరికొచ్చింది. కొట్టానికి సున్నం వేస్తున్నారని తెలిసి, ఉతికిన అంగీ వేసుకుని వెళ్లాను. ముజావర్ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆయన పక్కనే మా తమ్ముడు. నేను కుడి చెయ్యి నిట్టనిలువుగా పైకెత్తి చూపించాను.

"అబ్బ, మంచిగైంది సారూ!" అన్నాడు ముజావర్. నిజంగానే సంతోషపడ్డాడు. "పోయినేడు తమ్ముడు మస్తు మోసిండు. జనం గాయిన్నే మోయమంటున్నరు. మల్ల మార్చుడెందుకు తీ." నా చేతినే చూసి, "నీకు చెయ్యి మంచిగ అందుతున్నది గదా. జర గా లైట్ల తీగ తీసుకో, చూరుకు కట్టాలె" అన్నాడు.

తమ్ముడి వైపు చూశాను, ఏదైనా అంటాడేమోనని. వాడు లేచి తీగ చుట్ట తెచ్చి నా చేతికిచ్చాడు.

కొట్టం చుట్టూ లైట్లు కట్టాను. భుజం ఒక్కసారి కూడా నొప్పి పెట్టలేదు.