కళ్ళద్దాల కొట్లో ఇద్దరు అనుమానస్తులు

కళ్ళద్దాల కొట్లో పనిచేసే అతన్ని వీధిలో అందరూ భూతద్దం అనేవారు. చేతిలో ఎప్పుడూ అది ఉండటం ఒక కారణం. ప్రతి చిన్న విషయాన్నీ కొండంత చేసి అనుమానించడం అసలు కారణం. ఎవరైనా పలకరిస్తే, బదులిచ్చే ముందు ఈ పలకరింపు దేనికొచ్చిందా అని మనసులో కూపీ లాగేవాడు.

పుట్టుకతో అలాంటివాడేం కాదు. కుర్రతనంలో బస్టాపులో ఒకమ్మాయి రోజూ తనవైపు చూసి నవ్వేది. చాలారోజులు గుండె దిటవు చేసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, దగ్గరికెళ్ళి పేరడిగాడు. ఆ అమ్మాయి బిత్తరపోయి, అతని భుజం మీదుగా వెనక నిలబడ్డ స్నేహితురాలి వంక చూసింది. ఇన్నాళ్ళ నవ్వులూ ఆ స్నేహితురాలికట. బస్టాపంతా ఘొల్లుమంది. అప్పటినుంచి ఎవరు నవ్వినా ముందు వెనక్కి తిరిగి చూసుకోవడం అలవాటైపోయింది.

చేసే పని కూడా అతని అనుమానానికి తోడైంది. రెండు కళ్ళ మధ్య దూరం కొలవాలంటే ఎదుటి మనిషి కదలకుండా అతని ముఖంలోకే చూడాలి. "ఇటే చూడండి, ఇటే" అని పొద్దస్తమానం చెప్పేవాడు. అడిగి చూపించుకున్న చూపులకు అర్థమేముంటుంది? ముప్పై అయిదు దాటినా పెళ్ళి మాట ఎత్తనివ్వకుండా, అక్కాబావల ఇంట్లో పైగదిలో కాలక్షేపం చేసేవాడు.

అలాంటి రోజుల్లో వచ్చిందామె. దగ్గర్లోని అచ్చాఫీసులో తప్పులు దిద్దే ఉద్యోగం. కళ్ళద్దాల కాడ వదులైపోయిందంది. మర బిగించి ఇచ్చాడు. వారం తిరక్కుండా మళ్ళీ వచ్చింది, మళ్ళీ అదే కాడ. ఆ పై వారం మళ్ళీ.

మూడోసారికి భూతద్దం చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఎదురుగా ఉన్న పోటీ కొట్టువాళ్ళు పంపలేదు కదా? లేక తన పనితనం చూడమని యజమానే పంపాడా? ఇవేవీ కావేమో అన్న ఆలోచన రాగానే మాత్రం ఒళ్ళు వేడెక్కేది. అందమైన మనిషి. ఏదైనా చదివేటప్పుడు పెదవులు చప్పుడు లేకుండా కదిలేవి.

ఇంట్లో చెప్పకుండా ఉండలేకపోయాడు.

"జుట్టు సవరించుకుందా?" అడిగాడు బావ, అన్నీ తెలిసినవాడిలా.

"కళ్ళద్దాలు తీస్తే జుట్టు ముందుకు పడదా, బావా? సవరించుకోక ఏం చేస్తుంది?"

"నీ జోకులకి నవ్విందా?"

"నవ్వింది. కానీ నేను జోకు పూర్తి చేయకముందే నవ్వింది."

"ఒరేయ్, నాకేదో తేడాగా ఉంది" అంది అక్క. "నీ పని బాగాలేదని నలుగురికీ చెప్పడానికి సాక్ష్యాలు పోగేస్తోందేమో చూసుకో."

ఆ తర్వాత ఆమె వచ్చినప్పుడల్లా కళ్ళల్లో వత్తులు వేసుకుని చూశాడు. నవ్వుతూనే మాట్లాడేది, కానీ చేతిసంచిని మాత్రం ఇద్దరి మధ్యా గోడలా బల్ల మీద పెట్టేది. త్వరగా వెళ్ళాలనేది, గుమ్మం దగ్గర ఆగేది. దేన్ని నమ్మాలో తెలిసేది కాదు.

ఒక మధ్యాహ్నం కొట్లో ఎవరూ లేరు. ఆమె కళ్ళద్దాలు బల్ల మీద పెట్టి, సంచి గట్టిగా పట్టుకుంది.

"ఒక్కమాట అడుగుతాను, ఉన్నదున్నట్టు చెప్పండి. నేను మళ్ళీమళ్ళీ రావాలని మీరే కావాలని వదులుగా బిగిస్తున్నారా?"

భూతద్దం ముఖం కందగడ్డయింది. "నేనా? అయ్యో! మీరే వదులు చేసుకుని వస్తున్నారేమో అనుకుంటున్నానండీ."

"నాకేం పని?"

"అదే నాకూ అర్థం కాలేదు."

ఇద్దరూ ఒకర్నొకరు దొంగను చూసినట్టు చూసుకున్నారు. అతను కాడను భూతద్దం కింద పెట్టాడు. మర కూర్చునే చోట లోపలి గాడి పూర్తిగా అరిగిపోయింది. ఎంత బిగించినా నిలవదు. మొదటిరోజే కనబడాల్సింది.

నాలిక కరుచుకున్నాడు. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు, కానీ నోట అబద్ధం రాలేదు.

"తప్పు నాదేనండీ. మీ ముఖంలో ఏముందో వెతకడంలో పడి, దీన్ని సరిగ్గా చూడలేదు."

ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ అడుగుకి మాత్రం అర్థం వెతకనక్కర్లేకపోయింది. తనూ బల్ల నుంచి వెనక్కి జరిగాడు.

"వేరే ఫ్రేము వేసి మీ ఆఫీసుకి పంపిస్తాను. మీరు రానక్కర్లేదు. ఎప్పుడైనా కలిసి టీ తాగుదామనిపిస్తే చెప్పండి. వద్దంటే వద్దనేయండి, నేనేం నొచ్చుకోను."

"నొచ్చుకుంటారు."

"నొచ్చుకుంటాను. కానీ మళ్ళీ అడగను."

"ఈ మాట నమ్మొచ్చు" అందామె. అని గుమ్మం దాకా వెళ్ళింది. "నాకు టీ పడదు."

అతని ప్రాణం ఉసూరుమంది. "సరేనండీ" అన్నాడు.

ఆమె కాసేపు అతన్ని పరీక్షగా చూసింది. బతిమాలతాడేమోనని చూసింది, విసుక్కుంటాడేమోనని కూడా చూసింది. రెండూ లేవు.

"టీ పడదన్నాను గానీ, మీరంటే పడదనలేదుగా. ఆదివారం సాయంత్రం పార్కు పక్కన కాఫీ కొట్టు."

ఆదివారం ఆమె ఒంటరిగా రాలేదు. వెంట వదినను తెచ్చుకుంది. వదిన దూరంగా ఇంకో బల్ల దగ్గర కూర్చుని, పత్రిక అడ్డం పెట్టుకుని, పై అంచు మీదుగా అతన్నే చూస్తోంది. భూతద్దానికి కోపం రాలేదు సరికదా, మనసు కుదుటపడింది. ఆమె స్థానంలో తనున్నా ఇలాగే అనుమానించేవాడిననిపించింది. బస్టాపు కథ మొదలుపెట్టి, దాపరికం లేకుండా అంతా చెప్పాడు. ఈసారి కథ పూర్తయ్యాకే ఆమె నవ్వింది.

కప్పులు ఖాళీ అయ్యేసరికి ఆమె వదిన వైపు తిరిగి, ఇక ఇంటికెళ్ళమన్నట్టు చేత్తో సైగ చేసింది.

ఆ మరుసటేడు ఇద్దరూ ఒకింటివాళ్ళయ్యారు. కాఫీ కొట్లో ఆ ఆదివారం మాత్రం వదిన కదల్లేదు. పత్రికలో ఒక పేజీ తిప్పి, ఇంకో కాఫీ తెమ్మంది.