నాయనమ్మ ఆడిన అబద్ధం

నా చిన్నప్పుడు మా ఇంట్లో రేడియో లేదు. ఆ కొరత నేనే తీర్చేదాన్ని. లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో ఎవరింటికి చుట్టాలొచ్చారు, ఎవరింట్లో నల్లా పాడైంది, ఎవరి పిల్లవాడు లెక్కల్లో తప్పాడు, ఇవన్నీ నాకు తెలిసిపోయేవి. నాకు తెలిసిన కాసేపటికి లైనంతా తెలిసిపోయేవి. మా నాయనమ్మ నన్ను పేరు పెట్టి పిలిచిన సందర్భాలు తక్కువ. "ఓ రేడియో, జెర ఇటు రా" అనేది. అది ఎత్తిపొడుపని నాకు తెలియదు, పైగా గర్వంగా ఉండేది. ఏ కబురైనా మొదట నా నోటి నుంచే బయటికి రావాలని నా పట్టుదల.

మా నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. మా అమ్మ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరు. చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని పొద్దంతా ఎవరెవరి గొంతులనో కలిపేది. మా ఇంట్లో మాత్రం ఫోన్ లేదు. అమ్మ పొద్దున వెళ్లిందంటే మళ్లీ దీపాలు పెట్టే వేళకు బస్సు దిగేదాకా మా సంగతులు ఆమెకు తెలిసే దారే లేదు.

నాకు ఎనిమిదేళ్లు దగ్గర పడుతుండగా తమ్ముడు పుట్టాడు. వాడికి మెడ నిలిచేలోపే అమ్మ సెలవు అయిపోయింది. వాణ్ణి నాయనమ్మ చేతుల్లో పెట్టి డ్యూటీకి వెళ్లక తప్పలేదు. డ్యూటీలో ఉండగా పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసిపోతే, చెంగు నిండా కప్పుకుని అలాగే కూర్చునేదట. ఈ సంగతి నేను పెద్దదాన్నయి, నాకూ పిల్లలు పుట్టాక చెప్పింది. అప్పట్లో నాకు కనిపించిందల్లా సాయంత్రం బస్సు దిగి పరుగులాంటి నడకతో వచ్చే అమ్మ, ఆమె భుజానికి వేలాడే టిఫిన్ డబ్బా సంచీ.

అత్తాకోడళ్లు పోట్లాడుకోవడం నేనెప్పుడూ చూడలేదు. మాట్లాడుకోవడమూ పెద్దగా చూడలేదు. నాయనమ్మ అమ్మను ఉద్యోగం మానమని ఏనాడూ అనలేదు, చెయ్యమనీ అనలేదు. ఆ ఊరుకోవడమే అమ్మకు భయంగా ఉండేది. పసివాణ్ణి వదిలేసి పోతున్నానని అత్త మనసులో అనుకుంటోందేమోనని రోజూ అనుమానపడేది. అడుగుదామా అంటే, నాయనమ్మ ఉన్నదున్నట్టు చెప్పే మనిషి. కొత్త చీర కట్టుకుని వచ్చి ఎలా ఉందని అడిగిన పక్కింటావిడకు "నీకు నప్పలే" అని చెప్పేసింది. అబద్ధమంటే ఆమెకు గిట్టదు. నేను చిన్న అబద్ధమాడితే నాలుక మీద వాత పెడతాననేది. పెట్టలేదు కానీ, పెడుతుందనే నేను నమ్మేదాన్ని.

మా ఇంట్లో పిల్లల ఎదుగుదల పొయ్యి మీద తెలిసేది. పిల్లవాడు బోర్లా పడితే బొబ్బట్లు, పాకితే పాయసం, గడప దాటితే గారెలు, అడుగులేస్తే అరిసెలు. చేసి, లైనులో అందరికీ పంచాలి. నాయనమ్మ ఈ విషయంలో ఎంత కచ్చితమంటే, ఒంట్లో బాగాలేకపోయినా వాయిదా వేసేది కాదు. తమ్ముడు ఒక మధ్యాహ్నం బోర్లా పడితే సాయంత్రానికల్లా బొబ్బట్లు తయారు. నేను బస్టాపు దాకా పరుగెత్తి, అమ్మ రెండో కాలు కింద పెట్టకముందే కబురు చెప్పేశాను. అమ్మ నవ్వింది, ఇంటికొచ్చి బొబ్బట్టు తింది.

వాడు పాకిన రోజూ అంతే. "అమ్మా, తమ్ముడు పాకిండు! అందరం చూసినం, నువ్వొక్కదానివే చూడలే!" అని బస్టాపులోనే అరిచాను. అమ్మ "అవునా బిడ్డా" అంది. ఇంటికొచ్చాక నాయనమ్మ ఇచ్చిన పాయసం గిన్నె గట్టు మీద పెట్టి బాత్‌రూంలోకి వెళ్లింది. చాలాసేపు నల్లా పారుతూనే ఉంది. బయటికొచ్చినప్పుడు కళ్లు ఎర్రగా ఉన్నాయి. సబ్బు పడ్డదంది. నేను నమ్మాను. నాయనమ్మ మాత్రం చల్లారిపోయిన పాయసం గిన్నెను చూస్తూ కాసేపు నిలబడింది. అమ్మకు పాయసమంటే ప్రాణం.

తర్వాత ఎండాకాలం సెలవులు వచ్చాయి. ఒక మధ్యాహ్నం నాయనమ్మ వరండాలో చేట ముందేసుకుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. పక్కింటి ఆంటీ పెరుగు తోడుకోసం వచ్చి, వచ్చిన పని మరిచి కబుర్లలో పడింది. వాళ్లది గుంటూరు వైపు, ఆదివారం చర్చికి వెళ్లే కుటుంబం. మంచి మనిషి, కానీ నాకు పోటీ. తమ్ముడు నీళ్ల డ్రమ్ము పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఏమనుకున్నాడో, డ్రమ్ము వదిలేసి తూలుకుంటూ నాలుగడుగులేసి వచ్చి నాయనమ్మ చేటలో కూలబడ్డాడు. బియ్యం వరండా అంతా చిందాయి.

ఆంటీ చప్పట్లు కొట్టింది. నేను అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాను. అమ్మ బస్సు రావడానికి ఇంకా సగం పూట ఉంది, అయినా బస్టాపులోనే కూర్చుందామని నా ఆలోచన. నాయనమ్మ నా జడ పట్టుకుని ఆపింది.

"యాడికి?"

"అమ్మకు చెప్పనీకి."

"చెప్పొద్దు. గా ముచ్చట నీది గాదు బిడ్డా, మీ అమ్మది. ఆమె ముచ్చట ఆమెనే చూసుకోనీ."

నాకు అర్థం కాలేదు. ఆంటీకి అసలే అర్థం కాలేదు. "ఇంత సంతోషమైన కబురు దాచడమేంటండీ పెద్దమ్మగారూ?" అంది. "నువ్వు సుత నోరు మూసుకో" అంది నాయనమ్మ, బియ్యం ఎత్తుకుంటూ. అప్పుడు నాకు పెద్ద అనుమానం వచ్చింది. చెప్పకపోతే అబద్ధం కాదా అని అడిగాను. నాలుక సంగతి నాకు గుర్తుంది మరి. నాయనమ్మ చేతిలోని బియ్యం చేటలో పోసింది.

"అయితే అయితది తీ. పాపమొస్తే నాకొస్తది."

ఆమె లెక్క ప్రకారం అది ఒక్క పూట పని. సాయంత్రం అమ్మ రాగానే వాణ్ణి నిలబెడితే నడుస్తాడు, అమ్మ మొదటిసారి చూసినట్టవుతుంది, అరిసెలకు బియ్యం నానబోయడమే తరువాయి. కానీ వాడు తలుచుకున్నది వేరు. గేటు దగ్గర అమ్మ గొంతు వినపడగానే దబ్బున కూర్చుని, చేతులు నేలకానించి, పాకుతూ దూసుకుపోయాడు. నడక వాడికింకా తక్లీఫు, పాకడం కొట్టినపిండి. అమ్మను చేరాలనే తొందరలో ఉన్నవాడు ఏది ఎంచుకుంటాడు?

మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. పగలంతా వాడు ఇల్లు కొలిచేవాడు. మంచం నుంచి డ్రమ్ముకు, డ్రమ్ము నుంచి గడపకు, పడిపోతూ లేస్తూ తిరిగేవాడు. సాయంత్రం అమ్మ కనపడితే మళ్లీ పాకుడే. "ఎప్పుడు నడుస్తడో వీడు" అని అమ్మ వాణ్ణి ఎత్తుకుని ముద్దుపెట్టుకునేది. నాయనమ్మ పొయ్యి వైపు తిరిగి గరిటె తిప్పుతూ ఉండేది, పొయ్యి మీద తిప్పడానికి ఏమీ లేకపోయినా.

నా బాధ చెప్పనలవి కాదు. కడుపు ఉబ్బిపోయింది. బస్టాపు నుంచి ఇంటిదాకా అమ్మ చెయ్యి పట్టుకుని నోరు మెదపకుండా నడవడం అంటే మాటలా? అమ్మ నా నుదుటి మీద చెయ్యిపెట్టి "జరమొచ్చిందా బిడ్డా?" అని అడిగింది. పక్కింటి ఆంటీ పరిస్థితీ బాగాలేదు. ఒక సాయంత్రం గోడ మీంచి అమ్మను పలకరిస్తూ "మీ బాబు నడ..." అనేసి, వెనకాల నాయనమ్మ చూపు చూసి, "నడుం నొప్పిగా ఉందండీ నాకు" అని లోపలికి వెళ్లిపోయింది. అమ్మ పాపం ఆమెకు జండూబాము తీసుకెళ్లి ఇచ్చింది.

నాయనమ్మకు పరేషాన్ మొదలైంది. ఎన్నాళ్లు దాచగలం? సంగతి తెలిసిన నాన్న ఏ క్షణంలోనైనా నోరు జారొచ్చు, లైనులో ఎవరైనా చూసి అడగొచ్చు. ఆమె పనులు చేసుకుంటూనే వాణ్ణి గమనించడం షురూ చేసింది. ఒక మధ్యాహ్నం వాడు రెండు చేతుల్లో రెండు రొట్టెముక్కలు పట్టుకుని నా దగ్గరికి వస్తున్నాడు. తొందరపడ్డాడు, అయినా కింద కూర్చోలేదు. కూర్చుని పాకాలంటే చేతులు నేలకానించాలి, ఆనించాలంటే రొట్టె వదలాలి. వదలడానికి మనసొప్పక నడిచే వచ్చాడు. నాయనమ్మ కూరగాయలు తరగడం ఆపి వాడి చేతుల వంకే చూసింది. ఆ రోజు సాయంత్రం దాకా ఆమె ముఖంలో ఒక కళ ఉంది.

అమ్మ వచ్చింది. గడప మీద కూర్చుని చెప్పుల పట్టీ విప్పుకుంటోంది. నాయనమ్మ లోపలి గోడకు వాణ్ణి ఆనించి నిలబెట్టి, అమ్మను చూసి వాడు కిందికి వంగేలోపే ఒక చేతిలో ఇత్తడి గ్లాసు, ఇంకో చేతిలో పప్పు గరిటె పెట్టింది. ఆ రెండూ వాడికి ఎప్పుడూ అందనివ్వని వస్తువులు. వాడు గ్లాసు చూశాడు, గరిటె చూశాడు, అమ్మను చూశాడు. ఏడుపు ముఖం పెట్టాడు. కిందికి వంగబోయాడు, గరిటె నేలకు తగిలింది, మళ్లీ లేచాడు. నేను రెండు చేతులతో నోరు మూసుకున్నాను.

వాడు నడిచాడు. గదంతా దాటి, గ్లాసుకు గరిటె తగిలి టంగుటంగుమంటుంటే, పెళ్లి ఊరేగింపులాగా నడిచి వెళ్లి అమ్మ మోకాలి మీద గరిటెతో ఒక్కటేశాడు.

అమ్మ చేతిలో చెప్పు చేతిలోనే ఉంది. నాయనమ్మ నోటి మీద చెయ్యి వేసుకుని "ఓయమ్మో! నడిసిండే! గిదేందే, గిప్పుడే షురూ జేసిండే!" అని గొంతు పెంచి అంది. అంత పచ్చి నటన నేను మళ్లీ చూడలేదు. అది చాలదన్నట్టు నా వైపు తిరిగి "ఏమే, ఇంతకుముందు ఎన్నడన్న నడిసిండా వీడు?" అని అడిగింది. "లేదు" అన్నాను. నా నాలుకకు ఏమీ కాలేదు. అమ్మ వాణ్ణి గుండెకు అదుముకుని, వాడి తల మీంచి నాయనమ్మ ముఖంలోకి చూస్తూ ఏడ్చింది. ఈసారి బాత్‌రూంలోకి వెళ్లలేదు. అందరి ముందే, గడప మీదే కూర్చుని ఏడ్చింది.

"ఏడుస్తవేందే? లెవ్, పోయి బియ్యం నానబోయ్" అంది నాయనమ్మ.

అమ్మ వారపు సెలవు రోజున అరిసెలయ్యాయి. నాయనమ్మ పాకం చూసి పిండి కలిపింది, అమ్మ నూనెలోంచి తీసిన అరిసెలను వత్తింది. గుడ్డ పరిచి అరిసెలు వరసగా పేర్చి తమ్ముణ్ణి వాటి మీద నడిపించారు. సగం దూరం నడిచి, కూర్చుని, కాళ్ల కిందిది తీసుకుని తినడం మొదలుపెట్టాడు. లైనులో పంచే పని నాదే. ప్రతి ఇంట్లోనూ "మా అమ్మ ముందే నడిచిండు" అని చెప్పాను. నేను మోసిన కబుర్లన్నింటిలో పూర్తిగా నిజం కానిది అదొక్కటే. చెప్పిన ప్రతిసారీ నాకు సంతోషంగానే ఉండింది.

నాయనమ్మ పోయి చాలా ఏళ్లయ్యాక, అమ్మ కూడా ముసలిదయ్యాక, ఒక మధ్యాహ్నం ఆమె తల దువ్వుతూ ఈ గుట్టు విప్పాను. ఆశ్చర్యపోతుందనుకున్నాను. అమ్మ నవ్వింది.

"నాకు తెల్వదనుకున్నవా? ఇద్దర్ని కన్న. అప్పుడే అడుగులేసే పిల్లగాడు చేతుల గరిటె వట్టుకొని గదంత నడుస్తడా?"

తెలిస్తే మరి అంతలా ఎందుకేడ్చావని అడిగాను. దువ్వెన ఆపి ఎదురుచూశాను.

"వాడు నడిసిండని కాదు బిడ్డా. ఆమె నా కోసం అబద్ధమాడింది. నా మీద ఆమెకు కోపం లేదని ఆ రోజే తెలిసింది నాకు."

నేనిప్పుడు పద్మారావు నగర్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాను. కొడుకూ కోడలూ పొద్దున్నే ఆఫీసులకు వెళ్తారు, మనవరాలు నా దగ్గర ఉంటుంది. మొన్న మధ్యాహ్నం ఉగ్గు పెడుతుంటే చెంచాకు ఏదో టక్కున తగిలింది. వేలు పెట్టి చూస్తే కింది చిగుళ్లలో బియ్యపుగింజంత పన్ను. ఫోన్ పక్కనే ఉంది. కుటుంబం గ్రూపులో ఒక్క ఫోటో పెడితే చుట్టాలందరికీ క్షణంలో తెలిసిపోతుంది, వాళ్ల అమ్మకు కూడా, ఏ మీటింగులోనో కూర్చుని ఉండగా. నా చెయ్యి ఫోన్ మీదికి వెళ్లిన మాట నిజం. తర్వాత దాన్ని తీసుకెళ్లి లోపలి గదిలో పెట్టి వచ్చాను.

రాత్రి భోజనాలయ్యాక కోడలు పిల్లను ఒళ్లో వేసుకుని ఆడిస్తూ ఒక్క కేక పెట్టింది. "అత్తయ్యా, పన్ను! పన్నొచ్చింది దీనికి! మీరు చూడనేలేదా?"

"లేదే, ఏదీ?" అంటూ నేను కళ్లద్దాలు పెట్టుకుని వెళ్లి, దగ్గరగా వంగి, చాలాసేపు చూశాను.