పసుపు రాళ్లు

స్కాట్లండ్‌లోని ఒక దీవి చుట్టూ స్నేహితురాలితో కారులో తిరుగుతుంటే, సముద్రం ఒడ్డున పసుపు పూసినట్టున్న బండరాయి కనబడింది. అదేదో నాచులాంటిదట. నాకు మాత్రం చిన్నప్పుడు మా బాపు కొత్త ఆటో కొన్న రోజు గుర్తొచ్చింది.

గండిమైసమ్మ గుడి దగ్గర ఆటోకు పూజ చేయించి, టైర్లతో నిమ్మకాయలు తొక్కించి, శామీర్‌పేట చెరువు చూపిస్తానని బాపు నన్నూ, వాళ్లమ్మ అవ్వనూ ఎక్కించుకున్నాడు. దారిలో పసుపు పూసిన రాయి కనబడితే చాలు, అవ్వ ఆటో ఆపించి నాతో దండం పెట్టించేది.

తూంకుంట దగ్గర ఖాళీ జాగాలో వరసగా పసుపు రాళ్లు కనబడ్డాయి.

"అవ్వా, గీడ గింతమంది మైసమ్మలున్నరు!" అంటూ ఆటో దిగి, ఒక్కో రాయికీ మొక్కుతూ పరుగెత్తాను.

బాపు పొట్ట పట్టుకుని నవ్వాడు. "అవి ప్లాట్ల హద్దురాళ్లు బిడ్డా! రంగేసిండ్రు."

నా ముఖం చిన్నబోయింది. అవ్వ మెల్లగా దిగొచ్చి, నా పక్కన నిలబడి తనూ చేతులు జోడించింది.

"మొక్కనీయ్‌రా. రేపు గీడ ఎవలో ఇల్లు కట్టుకుంటరు. సల్లగుండాలె."

ఇప్పుడు అక్కడంతా ఇళ్లే.

స్నేహితురాలిని కారు ఆపమన్నాను. దిగి ఆ బండకు దండం పెట్టుకున్నాను. దూరంగా కొండ కింద ఒకే ఒక్క ఇల్లు ఉంది. ఎవరిదో తెలియదు.

సల్లగుండాలె.