ముందే వచ్చి వెళ్లిన మనిషి

ఎమ్మిగనూరులో మగ్గం నేసే ఈరమ్మ కూతురు వనజ. పరీక్ష రాసి డిప్యూటీ తాసిల్దారుగా చేరింది. తుగ్గలిలో తాసిల్దారుగా ఉన్నన్నాళ్లూ బస్సు పోని ఊళ్లకు ఎండలో నడిచే వెళ్లేది. పింఛను ఆగిన ముసలివాళ్ల గడపల్లో కూచుని వాళ్లు చెప్పేది వినేది. చేయగలిగింది చేసేది, చేయలేనిది అక్కడే చెప్పేసేది. ఆదోనిలో ఆర్డీవోగా ఉండగా ఒక పార్టీ ఆమెను పార్లమెంటుకు నిలబడమంది. ఇక్కడ కాని పనులు ఢిల్లీ వెళితే అవుతాయని నమ్మి ఉద్యోగానికి రాజీనామా చేసింది.

పల్లెల్లో ప్రచారం తుగ్గలి వైపే మొదలుపెట్టింది. పార్టీవాళ్లు చెప్పమన్నట్టే, ఏడాదిలో కాలువ నీళ్లు తెస్తానని ప్రతి ఊళ్లో చెప్పింది. అది అయ్యే పని కాదని ఆమెకు తెలుసు.

మొదటి ఊళ్లో జనం దండలైతే వేశారు గానీ, చాన్నాళ్లకు వచ్చిన మనిషిని చూసిన కళ ఎవరి ముఖంలోనూ లేదు. కూలిపని చేసుకునే తిప్పమ్మ పాత పరిచయమే. పలకరిస్తే మామూలుగా అంది.

"నిన్న వచ్చినావు కదమ్మా. రొట్టె తిని, నీళ్లు తాగి పోయినావు."

నిన్నంతా వనజ ఆదోని పత్తి యార్డులో హమాలీల మధ్య ఉంది. తిప్పమ్మకు వయసు మీదపడిందనుకుంది. పక్క ఊళ్లోనూ అదే మాట. కారు కూడా లేకుండా నడిచొచ్చావన్నారు. ఎదుటి పార్టీవాళ్లు ఎవరికో వేషం వేసి తిప్పుతున్నారేమోనని డ్రైవరు వీరేష్ అనుమానపడ్డాడు. కనుక్కోవడానికి వెళ్లినవాడు తిరిగొచ్చి నీళ్లు నమిలాడు. వచ్చినామె ముసలివాళ్లందరినీ పేర్లు పెట్టి పిలిచిందట. చనిపోయినవాళ్ల ఇళ్ల ముందు ఆగి ఏడ్చిందట.

అతను చెప్పిన పేర్లలో సగం వనజకే గుర్తులేవు.

తిరుగుదారిలో తిప్పమ్మ రోడ్డు పక్కన నిలబడి కారు ఆపించింది. వనజ అద్దం దించితే, ముఖంలోకి చాలాసేపు చూసింది.

"రేపు నా మాదిరే ఒకామె కారులో వస్తాది, నీళ్లు తెస్తానంటాది, నమ్మొద్దు అని నిన్న సెప్పి పోయినావు. నువ్వు ఎవురమ్మా?"

వనజ అద్దం ఎత్తేసి, కారు పోనివ్వమంది.

మర్నాటి నుంచి ఆమె ఏ ఊళ్లోనూ నీళ్ల మాట ఎత్తలేదు. పార్టీవాళ్లు కోప్పడ్డారు. అయినా గెలిచింది. ఎవరిని చూసి ఓటు వేశారని జనాన్ని అడిగే ధైర్యం చేయలేదు.

పార్లమెంటులో ప్రమాణం చేసిన మధ్యాహ్నం తల్లికి ఫోన్ చేసింది. ఎప్పుడూ వినపడే మగ్గం చప్పుడు లేదు. మాట్లాడేది ఎవరని ఈరమ్మ గొంతు తగ్గించి అడిగింది.

"నేనమ్మా, వనజను."

ఈరమ్మ గొంతు ఇంకా తగ్గించింది.

"నా బిడ్డ ఈడనే పండుకోనుంది. పొద్దున నడిసొచ్చింది. కాళ్లు పగిలిపోయినాయి. సప్పుడైతే లేస్తాదని మగ్గం ఆపినా."

వనజ ఫోను చెవికి అదుముకుంది. ఫోనులో ఎవరో నిద్రలో ఒత్తిగిలినట్టు గాజులు కదిలాయి.

"లేపొద్దమ్మా," అంది చివరికి. "లేచినాక అన్నం పెట్టు."

"సరే మేడం, పెడతా," అని ఈరమ్మ ఫోన్ పెట్టేసింది.